అరుగు మీది బ్యాంకు

2025 ఆరంభమున 6.50 శాతముగా నుండిన రెపో రేటు డిసెంబరు 5 నాటికి 5.25 శాతమునకు దిగుటతో, హైదరాబాదు విజయవాడలలో ఇల్లు కొన్నవారును కొనదలచినవారును నెలసరి వాయిదా ఎంత తగ్గునో లెక్కలు వేసికొనుచుండగా, మా మాచవరమున అరుగు మీద కూర్చుండు పెద్దలు ఆ వార్తను ఒక పూట సాంతముగా విచారించి, అది మనకు సంబంధించినది కాదని ఏకగ్రీవముగా త్రోసిపుచ్చిరి. (మాచవరమనగానే విజయవాడలోని పేట తలపునకు వచ్చువారికి మనవి: ఇది పిడుగురాళ్ళ పొరుగున నున్న, మిరపయు ప్రత్తియు పండు పల్నాటి మాచవరము.)

ఇందులో నాకేమియు వింత తోచలేదు. గృహఋణము గూర్చి మా అరుగునకు సొంత ధర్మశాస్త్రమొకటి కలదు. దానిని ఎవరు రచించిరో తెలియదు గాని, 1969లో బ్యాంకుల జాతీయకరణము జరుగుటకు పూర్వమే రచించిరనియు, అటుపిమ్మట ఒక్క అక్షరమైనను దిద్దలేదనియు అందలి సూత్రములే సాక్ష్యమిచ్చుచున్నవి. బ్యాంకులో మనవాడొకడు ఉండవలెను. ఇద్దరు గవర్నమెంటు ఉద్యోగులు జామీను నిలువవలెను. సగము సొమ్ము ముందే చేతిలో నుండవలెను. సేద్యగానికి ఇయ్యరు. ఇచ్చినను ఇంతకింత కట్టవలెను. ఒక్క వాయిదా తప్పినచో సామాను వీధిలో పారవేయుదురు. ముందుగా తీర్చినచో జరిమానా వేయుదురు. కోడిపందెము మీద రాజ్యమునే ఒడ్డిన సీమలో పుట్టినవారు ఒక దరఖాస్తు కాగితము మీద సంతకము పెట్టుటకు ఇంత బెదరుట చూడగా, బ్రహ్మనాయడు ఏమనుకొనునో కదా అనిపించును.

జామీను సూత్రము మూలమున మా ఊరి పంతుళ్ళు పడిన పాట్లు చెప్పతరము కాదు. ఉద్యోగములో చేరిన మరునాటి నుండి ఎవరు ఫారము పుచ్చుకొని ఎదురగుదురో అని బడికి పోవు త్రోవ మార్చుకొన్నవారిని నేనెఱుగుదును. గృహఋణమునకు ఆ ఇంటి దస్తావేజులే జామీను. ఆస్తి బదలాయింపు చట్టము దస్తావేజుల డిపాజిట్టును తనఖాగా ఏనాడో గుర్తించినది. అవి బ్యాంకు పెట్టెలో నుండగా పంతులుగారి సంతకముతో సాధారణముగా పనియే లేదు.

సగము సొమ్ము సూత్రమునకు వత్తము. 30 లక్షల లోపు గృహఋణమైనచో ఇంటి విలువలో 90 శాతము వరకు ఇయ్యవచ్చునని రిజర్వు బ్యాంకు నియమము కలదంటిని. "ఇయ్యొచ్చని ఉంటది బాబాయ్, మా బావమరిదికి సగం గూడా ఇయ్యలేదే" అని ఒకడు అడ్డుతగిలెను. విచారింపగా, ఆ బావమరిదిగారు 20 లక్షలకు కొన్న ఇంటిని స్టాంపు ఖర్చు కలిసివచ్చునని 8 లక్షలకు వ్రాయించుకొనిరని తేలినది. తన చేతులార దస్తావేజులో ఎనిమిది అని వ్రాయించి, ఇరువదికి అప్పు పుట్టలేదని బ్యాంకును తిట్టువానికి ఏ రిజర్వు బ్యాంకు ఏమి చేయగలదు?

ఇవన్నియు ఉపసూత్రములు. మూలసూత్రము ఇంతకింత. "ఇరవై లచ్చలు తెస్తే నలభై లచ్చలు కట్టాలంట అబ్బాయ్! ఆ ముక్క మాత్రం వాళ్ళు చెప్పరు." ఈ మాటను నేను పెండ్లి పందిటిలో విన్నాను, పిడుగురాళ్ళ బస్సులో విన్నాను, మిరప కల్లములో తాలుకాయలు ఏరువారి నడుమ విన్నాను. చెప్పువాడు కంఠము తగ్గించి, ఇటునటు చూచి మఱీ చెప్పును. విన్నవాడు నోరు తెఱచి, తల పంకించి, మరునాడు ఇంకొకనికి చెప్పును. కరోనా కాలమున సహితము ఏ వదంతియు మా సీమలో ఇంత నిలకడగా నడువలేదు.

లెక్క తప్పు కాదు. అదియే దాని బలము. పల్లెటూరివాడని కొంచెము ఎక్కువగానే వేసి ఏటికి 8 శాతము వడ్డీ అనుకొందము. 20 లక్షలను 20 ఏండ్ల గడువునకు తీసికొన్నవాడు నెలకు 16,729 రూపాయల చొప్పున 240 వాయిదాలు కట్టును; మొత్తము 40 లక్షల 14 వేల చిల్లర. అక్షరాలా ఇంతకింత. మొదటి వాయిదాలో 13,333 రూపాయలు వడ్డీకే పోయి అసలునకు 3,396 రూపాయలు మాత్రమే జమపడును. ఏడాది తిరుగునప్పటికి రెండు లక్షలు కట్టియు, అసలు 42 వేలే తగ్గినదని చూచుకొన్నవానికి గుండె జారుట సహజమే. సగము అసలు తీరుటకు పదమూడేండ్లు దాటును. ఇంతదాక అరుగు చెప్పినది సత్యము.

అయితే ఆ సత్యమును అంత శ్రద్ధగా ప్రచారము చేయు మహానుభావుడు తన సొమ్మును ఏ ధర్మమునకు త్రిప్పుచున్నాడో చూడుడు. నూటికి రెండు రూపాయలు. నెలకు రెండు, ఏటికి 24 శాతము. మా వైపున ఈ అంకెను శాతములలో చెప్పుట మర్యాద కాదు. రెండు రూపాయలన్నచో టీ ఖరీదు కంటె తక్కువగా వినవచ్చును. అదే 20 లక్షలను ఆయన యొద్ద పుచ్చుకొన్నవాడు నెలకు 40,000 రూపాయలు కట్టవలెను. ఇది వాయిదా కాదు, ఉత్త వడ్డీ. అసలు ఎక్కడిది అక్కడనే యుండును. ఇరువది ఏండ్లు క్రమము తప్పక కట్టినచో వడ్డీ 96 లక్షలగును. అప్పటికిని 20 లక్షల అసలు చెక్కుచెదరక నిలిచియుండును. ఆ 40,000 రూపాయలనే నెలనెలా బ్యాంకునకు కట్టగలిగినచో, 5 ఏండ్లు దాటిన ఒకటి రెండు నెలలలో అసలును వడ్డీయు సమస్తము తీరిపోవును.

ఈ లెక్కకు పెద్ద చదువక్కరలేదు, జేబులోని ఫోను చాలును. అరుగు మీదనే కూర్చుండి, అందఱికిని కనబడునట్లు ఫోనులో కట్టి చూపితిని. ఒక పెద్దాయన కడదాక సావధానముగా విని, "అది ఫోను లెక్క. ఇది మనుషుల లెక్క అబ్బాయ్" అని తీర్పు చెప్పి చుట్ట ముట్టించుకొనెను. చుట్టునున్నవారు ఆయన పక్షముననే నవ్విరి.

మనుషుల లెక్క! ప్రోనోటునకు మూడేండ్లకు కాలదోషము పట్టును గనుక, మూడేండ్లు నిండకముందే రైతును పిలిపించి, పేరుకొన్న వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనుట మనుషుల లెక్క. నోటు చాలదని, హామీ పేరు పెట్టి, ఇంటికో పొలమునకో ఏకముగా అమ్మకపు దస్తావేజే రిజిస్టరు చేయించుకొని, "తీర్చిననాడు తిరిగి రాసిస్తాలే" అని నోటిమాట చెప్పుట మనుషుల లెక్క. తీర్చుటకు సొమ్ము మూటగట్టుకొని వచ్చిననాటికి ఆ పొలము ధర పెరిగియున్నచో ఆ నోటిమాటను మరచిపోవుట మనుషుల లెక్క. 2021-22లో నల్ల తామరపురుగు మిరప చేలను ఊడ్చిపెట్టినది. పెట్టుబడి సొమ్ము కొఱకు ఆ ఏట ఎవరెవరి గుమ్మములలో ఎవరు వచ్చి నిలుచుండిరో, ఏ ఇంటి ఆడుదాని మెడలోని పుస్తెల త్రాడు ఎక్కడికి పోయినదో ఈ పెద్దలకందఱికిని తెలియును. పురుగుమందు డబ్బా చేతబట్టిన కౌలురైతుల పేర్లు కూడ తెలియును. తెలిసియు మరునాటి ప్రొద్దున అరుగు మీదికి వచ్చి, బ్యాంకువాడు ఇంతకింత గుంజునని చెప్పుటకు వారికి నోరెట్లు వచ్చుచున్నది?

దీనిని అజ్ఞానమని పిలుచుటకు నేనొప్పుకొనను. అజ్ఞానమునకు ఆదాయముండదు, దీనికి నెలనెలా ఆదాయము కలదు. బ్యాంకు ఇయ్యదను మాట చెలామణిలో నున్నంత కాలము రెండు రూపాయల వడ్డీకి గిరాకి తగ్గదు. అప్పు చేసి పప్పుకూడు తినరాదని పిల్లలకు నీతులు చెప్పువారు, తమ యొద్దకు అప్పునకు వచ్చినవానికి ఆ నీతిని ఒక్కనాడును చెప్పగా నేను వినలేదు.

ఇంతకింత మీద ఇంత బెంగ యున్నవారికి ఒక పాత సంగతి. పల్నాడు గుంటూరు జిల్లాలో తాలూకాగా, గుంటూరు మదరాసు రాజధానిలో జిల్లాగా నున్న దినములలో, 1938లో రాజాజీ మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణములను తగ్గించు చట్టమొకటి తెచ్చినది. 1932 అక్టోబరు 1కి పూర్వపు బాకీల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీని ఆ చట్టము రద్దు చేసినది. అట్టి బాకీలలో రైతు అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించియున్నచో, అసలుతో సహా బాకీ మొత్తము తీరినట్లే అన్నది. అనగా ఆనాటి శాసనకర్తల దృష్టిలో ఇంతకింత అనునది ఋణదాత ఆశకు గీచిన కట్టకడపటి గీత. ఆ గీతయే నేటి రెండు రూపాయల నోటునకు గీచినచో, 100వ నెలలో రైతు ఋణవిముక్తుడగును. నూట ఒకటవ నెల మొదలు మా అరుగున సగము ఖాళీ యగును.

చాలును, తక్కినవానికి వత్తము. అప్పు తీర్చుటకు ఈ నడుమ టీవీలలోను యూట్యూబులోను క్రొత్త ఉపాయమొకటి వెలసినది: మైత్రముహూర్తము. మంగళవారమునకు అశ్వినీ నక్షత్రమో అనూరాధయో కలిసిన వేళ చూచి బాకీలో కొంచెము చెల్లించినచో మిగిలినది వడివడిగా తీరిపోవునట. నియమిత తేదీన ఖాతా నుండి వాయిదా తనంత తానే తెగిపోవు ఈ కాలమున, బ్యాంకు కంప్యూటరును ఏ లగ్నమున నిలుపవలెనో సిద్ధాంతులే సెలవియ్యవలెను. అయినను ఇందొక మేలు లేకపోలేదు. ముహూర్తము మిషమీదనైనను అసలులో కొంత ముందుగా కట్టినవానికి వడ్డీ తగ్గును. అది అనూరాధ చలువ కాదు, కూడికలు తీసివేతల చలువ. ఫ్లోటింగు వడ్డీ గృహఋణమును ముందుగా తీర్చినచో బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే కట్టడి చేసినది. మిరప ధర పలికిన ఏట గుంటూరు యార్డు నుండి తిరిగివచ్చినవాడు లక్షయో రెండు లక్షలో అసలునకు జమకట్టవచ్చును. బుధవారమైనను బ్యాంకువారు కాదనరు.

సిబిల్ విషయమున అరుగు మీద రెండు శాఖలవారు కలరు. జన్మలో అప్పు చేయలేదు గనుక మా స్కోరు నిండుకుండ అనువారొకరు. స్కోరు చూచుకొన్నచో స్కోరు తగ్గునని ఫోను ముట్టనివారొకరు. చేయని అప్పునకు చరిత్ర యుండదు, చరిత్ర లేనిచోట స్కోరుండదు. ఎవరి స్కోరును వారు చూచుకొన్నంత మాత్రమున అది తగ్గదు. ఏటికొక మారు పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలసియున్నది. తొలిసారి అప్పు కోరువానిని, ఋణచరిత్ర లేదను ఒక్క కారణమున త్రోసివేయరాదని 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ లోక్‌సభలో చెప్పగా, దాని ఫలితము మా వాట్సాపులో "సిబిల్ రద్దు" అని వెలువడినది. రద్దు కాలేదు.

పన్ను మిగులునని ఇల్లు కట్టు ఉద్యోగులకు ఒక్కమాట: 2023-24 నుండి మొదటి వరుసలో నిలిచిన క్రొత్త పన్ను విధానమున, తాము కాపురముండు ఇంటిపై కట్టు వడ్డీకి మినహాయింపు లేదు.

సామాను వీధిలో పారవేయుట గూర్చి: 90 దినములు బాకీపడిన పిదప గాని అప్పు మొండిబాకీ కాదు, అటుపిమ్మట 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము 60 దినముల నోటీసు ఇయ్యవలెను, ఆపై మొర వినుటకు ట్రిబ్యునలు కలదు, సాగుభూమి జోలికి ఆ చట్టము రాదు. అది దయగల చట్టమని నేననను. తిరిగి వ్రాసిస్తానన్న నోటిమాటకు ఈపాటి గడువైనను లేదు.

ఈ తీర్మానములన్నియు అరుగు మీద జరుగుచుండగా, ఆ ఇండ్లలోని ఆడువారు డ్వాక్రా సంఘము పుస్తకము చంకన పెట్టుకొని బ్యాంకునకు పోయి, నెల కిస్తీ కట్టి, రసీదు కొంగున ముడివేసికొని తిరిగివచ్చుచున్నారు. ఏండ్ల తరబడి బ్యాంకుతో వ్యవహారము నడుపుచున్నది వారు; బ్యాంకు గూర్చి తీర్పులు చెప్పుచున్నది వీరు.

ఇక బ్యాంకుల సంగతి. ఒక శాఖకు పోయి గృహఋణపు ఫారమడిగితిని. కౌంటరులోని యువకుడు తల యెత్తకయే, "అవి ఇక్కడ చూడరండీ, టౌను బ్రాంచికి వెళ్ళండి" అని, ఒక క్షణమాగి, "గోల్డ్ ఏమన్నా ఉందా?" అని అడిగెను. బంగారమున్నచో అరగంటలో అప్పు పుట్టును. ఇల్లు అనగానే టౌను దూరమగును. అరుగు మీది శాస్త్రమును బ్యాంకు లోపల కూడ పారాయణము చేయుచున్నారన్నమాట. పది లక్షల లోపు జనాభా గల చోట్ల, 44 లక్షలు మించని ఇంటికి 35 లక్షల వరకు ఇచ్చిన అప్పును ప్రాధాన్యరంగ ఋణముగా లెక్కించుకొనవచ్చునని 2025 ఏప్రిల్ 1 నుండి రిజర్వు బ్యాంకు నియమము. ఆ రంగమునకు వాణిజ్య బ్యాంకులు తమ ఋణములలో 40 శాతము ఇచ్చి తీరవలెను. కావున మాచవరము వానికి ఇల్లు కట్టుకొనుటకు అప్పిచ్చుట ఆ యువకుని దయ కాదు, ఆయన బ్యాంకు తీర్చుకొనవలసిన లెక్కలోని భాగము.

గ్రామకంఠము మాట వేఱు. అక్కడ అరుగు చెప్పునది చాలవరకు నిజము. తాతలనాటి నాపరాతి ఇల్లు ఊరి నడుమ నున్నను, దానికి దస్తావేజు లేదు, లింకు డాక్యుమెంటు లేదు, ఈసీలో ఊసు లేదు. ఇంటిపన్ను రసీదును కరెంటు బిల్లును పట్టుకొని పోయినవానిని చూచి బ్యాంకు వకీలు పెదవి విరుచును. ఇట్టి ఇండ్లకు హక్కు పత్రములిచ్చి, అప్పు పుట్టునట్లు చేయుటయే ఉద్దేశమని కేంద్రము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకము ప్రకటించినది. అదే ఏడు డిసెంబరు 21న రాష్ట్రము రీసర్వే మొదలిడినది. డ్రోనులు ఎగిరినవి, హద్దురాళ్ళు పాతిరి, భూహక్కు చట్టము 2023 అక్టోబరు 31న అమలులోనికి వచ్చినది, 2024లో ప్రభుత్వము మారగానే రద్దయినది, పాసుపుస్తకముల మీది బొమ్మ మారినది. బొమ్మల తగవు తీరినంత త్వరగా హద్దుల తగవు తీరలేదు. దీనికి అరుగును తిట్టి లాభము లేదు; తిట్టవలసినవారు అమరావతిలో నున్నారు.

దస్తావేజు గల స్థలముండి, ఇల్లు కట్టదలచినవారికి నా మనవి ఇంతే. దరఖాస్తు వ్రాసి ఇయ్యుడు, అందినట్లు రసీదు పుచ్చుకొనుడు. కాదన్నచో ఎందుకు కాదో వ్రాసి ఇయ్యవలసిన బాధ్యత బ్యాంకుపై కలదు. ఆ కాగితము లేనిదే కుర్చీలో నుండి లేవకుడు. దానిమీద బ్యాంకునకే ఫిర్యాదు చేసి, 30 దినములలో జవాబు రాకున్నచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు వ్రాయుడు. దానికి రుసుము లేదు. బ్యాంకువారు మాకు ఇయ్యలేదని ఆరోజు అరుగు మీద వాపోయిన ప్రతివానిని, దరఖాస్తు ఏ నెలలో ఇచ్చితిరని నేను వరుసగా అడిగితిని. ఇచ్చినవాడు ఒక్కడును లేడు.